సూపర్‌చార్జర్ పెట్టిన జిప్సీకి స్లో ఎందుకు నిలబడలేదంటే

చించినాడ వంతెన మీద కొబ్బరికాయల లారీకి టైరు పేలి ట్రాఫిక్ ఆగిపోయిందంట, దాని వెనకాల ఈ జిప్సీ కూడా ఆగిపోయింది. నిలబడ్డం కాదండీ, ఇంజనే ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే ఆర్పీఎం సూది 1700 దాకా పోద్ది, అక్కణ్ణించి 900కి పడిద్ది, మళ్ళీ పైకి, అలా ఊఁ... ఊఁ... అని నాలుగైదు సార్లు ఊగి చచ్చిపోద్ది. వెనక బస్సు హారను, పక్కన బైకులోళ్ళ వెటకారం, కింద గోదారి. బండి నడిపే అబ్బాయి ఇక రేసు (యాక్సిలరేటర్) మీద కాలు తియ్యకుండా వంతెన దింపి, సరాసరి పాలకొల్లులో మా షెడ్డుకి తెచ్చేశాడు.

దిగుతూనే అన్న మాట: "బాబాయ్, తొక్కితే రాకెట్టు, వదిలేస్తే శవం. స్లో ఒక్కటి నిలబెట్టు, ఇంకేం వద్దు." స్లో అంటే రేసు మీంచి కాలు తీసినా ఇంజను ఆగకుండా తిరిగే తక్కువ వేగం, ఐడిల్. మా ఇద్దరికీ చుట్టరికం ఏం లేదు, మలికిపురం అవతల వాళ్ళ రొయ్యల చెరువుల మీద డీజిల్ ఇంజన్లు పదిహేనేళ్ళుగా నేనే చూస్తున్నా, అలా బాబాయినయ్యాను.

నేను రోజూ చేసేది బొలెరోలు, ఏస్ బళ్ళు, చెరువుల మీద ఇంజన్లు, సీజన్లో వరికోత మిషన్లు. సూపర్‌చార్జర్ (ఇంజనులోకి గాలిని బలవంతంగా తోసే బ్లోయర్) ఉన్న బండి మీద చెయ్యి పెట్టడం ఇది మూడోసారి. అందుకే పదకొండు రోజులు పట్టింది, బాగా తెలిసినోడైతే నాలుగు రోజుల్లో వదిలించేవాడేమో. నేను ఎక్కడ తప్పు తోవలో పోయానో అది కూడా కలిపే రాస్తున్నా, ఎందుకంటే ఈ తప్పు తోవలోకి అందరూ పోతారు.

బండి 2006 మోడల్ జిప్సీ, 1298 సీసీ, 16 వాల్వుల జీ13బీబీ ఇంజను, ఎంపీఎఫ్ఐ, కంపెనీ చెప్పే పవర్ 80 బీహెచ్‌పీ. ఈ అబ్బాయి వాళ్ళన్నయ్య మస్కట్‌లో ఉంటాడు, ఆయన సెలవుకొచ్చినప్పుడు సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చాడంట ఆ బ్లోయర్ని, వాడేసిన ఐసిన్ ఏఎంఆర్500. రూట్స్ టైపు, రెండు రోటర్లు ఒకదాన్నొకటి తాకకుండా తిరిగి గాలిని తోస్తాయి, ఒక చుట్టుకి 500 సీసీ. ఇంకో ఊళ్ళో ఒక గ్యారేజీలో బిగించారు, పాత ఈసీయూ (పెట్రోలు, స్పార్కు ఎంతెప్పుడు ఇవ్వాలో చెప్పే ఇంజను కంప్యూటరు) తీసేసి స్పీడ్యుయినో అనే ఓపెన్ సోర్స్ ఈసీయూ పెట్టారు, ఒక ట్యూనర్ వచ్చి ల్యాప్‌టాప్‌తో దాని సెట్టింగులు పెట్టిపోయాడు. స్లో నిలబడట్లేదని రెండుసార్లు తీసుకెళ్తే రెండుసార్లూ సెట్టింగులే మార్చి పంపారంట.

ఇంకో మాట, ఇలా ఇంజనుకి మార్పులు చేసిన బండి రోడ్డెక్కించడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కుదరదు, ఆర్సీలో కంపెనీ ఇచ్చిన వివరానికి తేడా రాకూడదు. చెరువు గట్ల మీద, బీచి ఇసకలో తిప్పుకోరా, రోడ్డు మీదకి తేవద్దు అని అబ్బాయికి ఇంతకుముందే చెప్పాను, ఆయ్ అలాగే అన్నాడు. మరి వంతెన మీద ఏం చేస్తున్నాడో అతనికే తెలియాలి.

ముందు గాలి లెక్క చెప్తా, ఇది లేకపోతే మిగతాది ఎక్కదు. 1298 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజను ఒక చుట్టుకి పీల్చేది సగమే, 649 సీసీ, అదీ నూటికి నూరు శాతం నిండితే. 85 శాతం వేసుకుంటే 550. ఇక్కడ క్రాంకు పుల్లీ 140 ఎమ్మెమ్, బ్లోయర్ పుల్లీ 82, అంటే ఇంజను ఒక చుట్టు తిరిగేలోపు బ్లోయర్ 1.7 చుట్లు తిరుగుద్ది, 850 సీసీ తోస్తది, రోటర్ల సందుల్లోంచి వెనక్కి జారేది తీసేస్తే ఒక 750. 550 పట్టే చోట 750 కుక్కితే బూస్టు, అంటే బయట గాలికన్నా ఎక్కువైన ఒత్తిడి, ఐదు పీఎస్ఐ దగ్గర వస్తది. గేజిలో చూస్తే ఐదున్నర, లెక్క సరిపోయింది. అంటే బ్లోయర్ ఆరోగ్యంగానే ఉంది, తొక్కినప్పుడు రాకెట్టు అన్న మాట నిజమే.

మరి వదిలేస్తే శవం ఎందుకు? దీంట్లో గాలి వరస ఎలా ఉందంటే ఫిల్టరు, త్రాటిల్ (రేసు తొక్కితే తెరుచుకునే గాలి తలుపు), ఆ తర్వాత బ్లోయర్, దాని కింద ఒక అల్యూమినియం ప్లేటు, ఆ కింద మేనిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు), హెడ్డు. త్రాటిల్ బ్లోయర్‌కి ముందుంది. కొన్ని బళ్ళలో బ్లోయర్ తర్వాత ఉంటది, దాని రోగాలు వేరు. ముందున్నప్పుడు ఏమవుద్దంటే, స్లోలో త్రాటిల్ మూసుకుంటది కదా, అక్కణ్ణించి వాల్వుల దాకా ఉన్నదంతా వ్యాక్యూమ్ అయిపోద్ది, బ్లోయర్‌తో సహా. కంపెనీ ఇంజనులో త్రాటిల్‌కీ హెడ్డుకీ మధ్య జాయింట్లు రెండు, మూడు. దీంట్లో నేను చాక్‌పీస్‌తో గుర్తులు పెడుతూ లెక్కేస్తే తొమ్మిది వచ్చాయి. ఆ తొమ్మిదిట్లో ఏ ఒక్కటి కొంచెం వదులైనా బయట గాలి లోపలికి దూరిపోద్ది. ఫుల్లు రేసులో బూస్టు ఉన్నప్పుడు అదే సందులోంచి గాలి బయటికి పోద్ది, ఐదు పీఎస్ఐలో కాస్త పోయినా ఎవడికీ తెలీదు. స్లోలో మాత్రం దొరికిపోద్ది.

మొదటి రోజు స్పానర్ పట్టుకోలేదు, రీడింగులు మాత్రం రాసుకున్నా. మా కుర్రోడు ల్యాప్‌టాప్ తెచ్చి ట్యూనర్ స్టూడియో అనే ఈసీయూ సాఫ్ట్‌వేర్ తెరిచాడు, వాడికి ఆ పని బాగా వచ్చు, నాకు గ్రాఫు చూడ్డం వరకే. కీ ఆన్ చేసి ఇంజను స్టార్ట్ చెయ్యకుండా, మేనిఫోల్డ్‌లో గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సర్ చూశాం, 101 కిలోపాస్కల్. మన డెల్టాలో ఇది మంచి పరీక్ష, సముద్రం పక్కనే ఉన్నాం కాబట్టి 100, 101 చూపించాలి, అదే హైదరాబాదులో అయితే ఊరి ఎత్తుకి 95 దగ్గర చూపిస్తది. బూస్టు కోసం పెద్ద సెన్సర్ వేసి ఈసీయూలో దాని లెక్క మార్చని బళ్ళలో ఇక్కడే తేడా దొరికిపోద్ది. ఇక్కడ సెన్సర్ నిజమే చెప్తోంది, దాన్ని వదిలేశాం.

చల్లటి ఇంజను స్టార్ట్ చేస్తే రెండు నిమిషాలు 1500 మీద చక్కగా నిలబడింది. వేడెక్కేకొద్దీ ఊగడం మొదలు. ఊగుతున్నప్పుడు మ్యాప్ 50 నించి 58. ఆరోగ్యంగా ఉన్న ఇంజనుకి వేడి మీద స్లోలో 30 నించి 40 లోపు ఉండాలి. అంటే లోపలికి రావాల్సినదానికన్నా చాలా ఎక్కువ గాలి వచ్చేస్తోంది. సరే అని, స్లోకి గాలి వదిలే ఐడిల్ వాల్వు చూస్తే డ్యూటీ (తెరుచుకున్న శాతం) సున్నా, పూర్తిగా మూసేసి ఉంది. త్రాటిల్ స్టాప్ స్క్రూ చూస్తే మొత్తం వెనక్కి తిప్పేశారు, త్రాటిల్ లోపలి బటర్‌ఫ్లై రేకు గోడకి అంటుకుని ఉంది. టైమింగ్ (పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు స్పార్కు పడుద్దో ఆ లెక్క) చూస్తే స్లోలో 2 డిగ్రీలు, ఉండాల్సింది 10, 12. ముందు తలుపేసి, దొడ్డి తలుపేసి, గొళ్ళెం పెట్టినా ఇంట్లోకి హోరుమని గాలి వస్తోందంటే కిటికీ ఎక్కడో తీసుంది.

ట్యూనర్ చేసింది ఇదే. స్లో ఎక్కువుందని స్క్రూ వెనక్కి తిప్పాడు, తగ్గలేదు. వాల్వు మూశాడు, తగ్గలేదు. టైమింగ్ వెనక్కి లాగి ఇంజను బలం తగ్గించాడు, తగ్గలేదు. ఆఖరికి 1500 దాటితే పెట్రోలు కట్ అయ్యేలా పెట్టాడు. రేసు వదిలినప్పుడు ఇంజను బ్రేకింగులో పెట్రోలు మిగలడానికి పెట్టే సెట్టింగు అది, స్లో దించడానికి కాదు. దాంతో ఏమైంది? ఇంజను దొంగ గాలితో 1500 దాటుద్ది, ఈసీయూ పెట్రోలు ఆపేస్తది, 1100కి పడగానే మళ్ళీ ఇస్తది, మళ్ళీ పైకి లేస్తది. ఆ ఉయ్యాల అదే. గాలి లెక్క తేలకుండా ల్యాప్‌టాప్ తెరిస్తే రోగం పోదు, రోగం మీద ఇంకో రోగం వస్తది.

ఇక్కడ చాలామంది మెకానిక్కులు పొరపాటు పడే చోటు ఒకటుంది. ఎయిర్ లీకైతే మిక్చర్ లీన్ అయ్యి (పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువై) ప్లగ్గులు తెల్లబడతాయి అంటారు. అది గాలిని ముందే కొలిచే మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ బళ్ళలో నిజం, సెన్సర్ తర్వాత దూరిన గాలి లెక్కలోకి రాదు కాబట్టి పెట్రోలు తక్కువ పడుద్ది. మ్యాప్ సెన్సర్ బండిలో దూరిన గాలి ఒత్తిడి కింద కనపడిపోద్ది, ఈసీయూ దానికి తగ్గ పెట్రోలు ఇచ్చేస్తది, మిక్చర్ ఏమంత లీన్ అవ్వదు, స్లో పెరుగుద్ది అంతే. ఈ బండి ప్లగ్గులు తీస్తే చక్కటి ఇటికరాయి రంగు. ప్లగ్గులు బాగున్నాయి కాబట్టి లీకు లేదు అని ఆ గ్యారేజీలో తేల్చేశారంట.

రెండో రోజు, మూడో రోజు పోయింది నా తప్పు వల్ల. నేను బైపాస్ వాల్వు మీద పడ్డాను. స్లోలో బ్లోయర్ తోసిన గాలి మళ్ళీ దాని నోట్లోకే తిరిగొచ్చేలా ఒక చిన్న దారి ఉంటది, వ్యాక్యూమ్ డబ్బా ఒకటి లాగితే తెరుచుకుంటది. అది సగం తెరుచుకుని టపటపా కొట్టుకుంటే కూడా స్లో ఊగుద్ది, ఇంతకుముందు నేను చేసిన సూపర్‌చార్జర్ బండిలో అదే రోగం. ఈ బండిలో దాని గొట్టాన్ని బ్రేకు బూస్టర్ గొట్టంతో కలిపి టీ వేసేశారు, చూడగానే ఇదేరా అనుకున్నా. విప్పి చేత్తో నొక్కే వ్యాక్యూమ్ పంపు పెట్టి లాగితే మెత్తగా తెరుచుకుంది, పది నిమిషాలు పట్టి ఉంచినా ముల్లు కదల్లేదు. గొట్టం విడిగా వేసి చూశాం, మార్పు లేదు. బటర్‌ఫ్లై విప్పి బుష్షులు చూశాం, బాగున్నాయి. రెండు రోజులు పోయాయి. పీసీవీ వాల్వు (ఇంజను లోపలి ఆవిర్లని మేనిఫోల్డ్‌లోకి వదిలేది), బూస్టర్ గొట్టంలో వన్ వే వాల్వు కూడా ఆ ఊపులోనే చూసేశాం, వాటిల్లో ఏం లేదు.

నాలుగో రోజు కార్బ్ క్లీనర్ స్ప్రే కొట్టాం జాయింట్ల మీద. లీకున్న చోట పడితే ఆర్పీఎం మారాలి. ఊగుతున్న ఇంజనులో మారిందో లేదో ఎవడికి తెలుస్తది! పైగా ఫ్యాను గాలికి స్ప్రే అంతా చెదిరిపోద్ది, ఎగ్జాస్ట్ మీద పడితే మంట. రెండు డబ్బాలు ఖర్చు తప్ప ఏం తేల్లేదు.

అప్పుడు మా కుర్రోడు అన్నాడు, "బెల్టు తీసేసి చూద్దామా అన్నయ్యా" అని. బ్లోయర్‌కి వేరే బెల్టు, ఆల్టర్నేటర్‌కీ వాటర్ పంపుకీ వేరే. బెల్టు తీసేస్తే బ్లోయర్ తిరగదు, కానీ స్లోకి కావాల్సిన గాలి బైపాస్ దారిలోంచి వచ్చేస్తది. తీసి స్టార్ట్ చేశాం. ఊగడం తగ్గిపోయింది. పూర్తిగా కాదు, 1150 మీద కొంచెం వణుకుతూ నిలబడింది, మ్యాప్ 44. మళ్ళీ బెల్టు వేసి టైట్ చేస్తే 55, ఊగుడు. బెల్టు టెన్షన్ కొంచెం వదులు చేస్తే 50. నేను స్టూలు మీద కూలబడి టీ తాగుతూ ఆలోచిస్తే అర్థమైంది, బెల్టు లాగినప్పుడల్లా ఎక్కడో సందు తెరుచుకుంటోంది. గాలికీ బెల్టుకీ ఉన్న సంబంధం అది ఒక్కటే.

స్మోక్ టెస్టు మిషను మా దగ్గర లేదు, సొంతంగా చేసుకున్నాం. రెండేళ్ళ కిందట మొదటిసారి చేసినప్పుడు కోనసీమ తెలివితేటలు చూపించి కొబ్బరి పీచు పొగ పెట్టాం, పొగ బ్రహ్మాండంగా వచ్చింది, తారు కూడా బ్రహ్మాండంగా పట్టింది, త్రాటిల్ బాడీ కడగడానికి ఒక పూట పట్టింది. ఇప్పుడు పెయింట్ డబ్బాలో బేబీ ఆయిల్ పోసి, దాంట్లో నూలు వత్తి, వత్తికి ఆనుకుని పాత డీజిల్ బండి గ్లో ప్లగ్గు, పక్కన టైరు గాలి పంపు. ఒత్తిడి ఒక్క పీఎస్ఐ దాటనివ్వకూడదు, సీళ్ళు లేచిపోతాయి. ఫిల్టరు మూతికి ట్యూబు ముక్క కట్టి క్లిప్పు వేసి, బూస్టరు గొట్టంలోంచి పొగ పంపించాం.

చల్లటి ఇంజను మీద ఎక్కడా పొగ రాలేదు. ఒక్క చోట కూడా. అప్పుడు నిజంగా ప్రాణం ఉసూరుమంది. తర్వాత గుర్తొచ్చింది, రోగం వేడి మీద కదా వస్తోంది. ఇరవై నిమిషాలు ఇంజను నడిపి, ఆపిన వెంటనే, బెల్టు బిగించే ఉంచి, మళ్ళీ పొగ పెట్టాం. షెడ్డు లైట్లు ఆపేసి కుర్రోడు సెల్‌ఫోను టార్చి బ్లోయర్ కిందికి వంచి పట్టుకున్నాడు. ఒక నిమిషం ఏం లేదు. తర్వాత ప్లేటు వెనక మూల కిందనించి, ఫైర్‌వాల్ వైపు, అగరొత్తి పొగలాగా సన్నటి దారం ఒకటి లేచింది. ముందు ఒకటే దారం, తర్వాత పక్కనే ఇంకోటి, అవి రెండూ కలిసి పల్చటి తెరలాగా బ్లోయర్ని అంటుకుని పైకి పాకాయి. బ్లోయర్ వెనకభాగాన్ని చేత్తో కిందికి నొక్కితే పొగ ఆగిపోయింది, వదిలితే వచ్చింది. నొక్కితే ఆగడం, వదిలితే రావడం. కుర్రోడు పదిసార్లు నొక్కించాడు నా చేత, వీడియో తీసుకోడానికి.

వేడి మీదే ఫీలర్ గేజి పెట్టి చూస్తే 0.15 ఎమ్మెమ్ రేకు 40 ఎమ్మెమ్ పొడవునా దూరింది. అంతేనా అనిపిస్తది. లెక్క వెయ్యండి, అది 6 చదరపు ఎమ్మెమ్, అంటే దాదాపు 3 ఎమ్మెమ్ డ్రిల్లు బిట్టుతో మేనిఫోల్డ్‌కి కన్నం పెట్టినట్టు. అంత కన్నంలోంచి స్లో వ్యాక్యూమ్‌కి నిమిషానికి యాభై లీటర్ల దాకా గాలి దూరుద్ది, గాలి లోపలికి వచ్చే వేగం ఆ ఒత్తిడి తేడాకి గరిష్ఠానికి చేరిపోతుంది కాబట్టి ఇంజను ఎంత తిరిగినా ఆ యాభై యాభయ్యే. 800 మీద ఈ ఇంజనుకి మొత్తం కావాల్సింది నిమిషానికి నూట నలభై, నూట యాభై లీటర్లు. మూడో వంతు గాలి ఎవరి అదుపూ లేకుండా వచ్చేస్తుంటే స్లో ఎక్కణ్ణించి నిలబడుద్ది.

బ్లోయర్ దింపి ప్లేటు తీశాం. పది ఎమ్మెమ్ అల్యూమినియం ప్లేటు, దానికి మేనిఫోల్డ్ ముక్క వెల్డింగ్ చేశారు. ముందు ఫేసింగ్ (మిషన్ మీద చదును చెయ్యడం) పట్టి తర్వాత వెల్డింగ్ చేశారు, అదే తేడా. వెల్డింగ్ వేడికి ప్లేటు దోసె అంచులాగా లేచింది, స్టీలు స్కేలు పెట్టి వెనక లైటు పట్టుకుంటే మూల దగ్గర వెలుతురు కనపడింది. ఎప్పుడూ వెల్డింగ్ ముందు, చల్లారాక ఫేసింగ్. దానికి తోడు గ్యాస్కెట్టు ఆత్రేయపురం పూతరేకంత పల్చటి కాయితం, వంకరని అది ఏం మూస్తది. బోల్టులేమో వెనక వైపు రెండిటి మధ్య 90 ఎమ్మెమ్ దూరం. ఇవన్నీ ఒకెత్తు, బ్లోయర్‌కి వెనకవైపు సపోర్టే లేదు. ముందు పుల్లీ దగ్గర బెల్టు లాగుతుంటే బరువంతా కింద ప్లేటే మొయ్యాలి, బెల్టు కూస్తోందని ఆ గ్యారేజీలో ఇంకా టైటు చేశారు, తీసింది చూస్తే వీణ తీగలాగా ఉంది. ముందు కిందికి లాగితే వెనక లేస్తది, తక్కెడ లాగా.

లేత్ షాపులో మిల్లింగ్ మీద పెట్టి 0.4 తీయించాం, రెండు వైపులా. వెనక వైపు ఇంకో రెండు 8 ఎమ్మెమ్ బోల్టులు కొట్టించాం. ఒక ఎమ్మెమ్ ఫైబర్ గ్యాస్కెట్టు కోసుకుని, మధ్యలోంచి అంచులకి వరసగా, 20 న్యూటన్ మీటర్లు. వెనక సపోర్టుకి ఆరు ఎమ్మెమ్ ఫ్లాటుతో ఒక బ్రాకెట్టు, ఇంజను బ్లాకుకి, బాడీకి కాదు, ఇంజను ఊగుతుంటే బాడీకి కట్టిన బ్రాకెట్టు దేన్నో ఒకదాన్ని విరగ్గొడుద్ది. మళ్ళీ వేడి మీద పొగ పెట్టాం, ఎక్కడా రాలేదు. ఏడో రోజు సాయంత్రానికి ఇది అయింది.

ఎనిమిదో రోజు పొద్దున్న అబ్బాయి వచ్చాడు, చేతిలో పళ్ళ గెల, మొహం మీద నవ్వు. స్టార్ట్ చేశాం. స్టార్ట్ అవ్వలేదు. రేసు తొక్కితే అయ్యింది, కాలు తీస్తే గుక్క పట్టినట్టు ఆగిపోయింది. ముందు ఊగుతూనన్నా తిరిగేది, ఇప్పుడు అదీ లేదు. అబ్బాయి ఏం అనలేదు, గెల పక్కన పెట్టి చెప్పులు చూసుకుంటున్నాడు. "బాబాయ్, ఏటైంది" అన్నాడు మెల్లగా. నాకూ ఒక్క క్షణం గుండె జారింది. కుర్రోడే నవ్వాడు, "అన్నయ్యా, గాలేదీ?" అని. నిజమే కదా. దొంగ గాలి ఆపేశాం, అసలు తలుపులన్నీ ఆ ట్యూనర్ ముందే మూసేసి ఉన్నాడు. ఇంజను ముక్కూ నోరూ మూసి ఊపిరి తియ్యమంటే ఎలా తీస్తది.

ఎవరైనా ఇలాంటి లీకు మూస్తే ఆ తర్వాత ఇదే జరుగుద్ది, భయపడి మళ్ళీ విప్పెయ్యకండి. ముందు స్టాప్ స్క్రూతో బటర్‌ఫ్లై ఒక వెంట్రుక తెరిచి, త్రాటిల్ సెన్సర్ సున్నా మళ్ళీ పట్టించాం. ఐడిల్ క్లోజ్డ్ లూప్ (ఈసీయూ తనంతట తానే స్లో సర్దుకోవడం) ఆపేసి వాల్వు డ్యూటీ 35 మీద పెట్టి, టైమింగ్ 12 డిగ్రీలకి తెచ్చాం. పెట్రోలు కట్ 1500 నించి 2200కి జరిపాం. స్టార్ట్ చేసి, స్లో 850 వచ్చేదాకా స్టాప్ స్క్రూ కొంచెం కొంచెం. మ్యాప్ 36. చేత్తో పట్టుకున్న స్టీలు గ్లాసులో టీ కదల్లేదు.

ఆ రాత్రే వాళ్ళ చెరువులో పట్టుబడి. రొయ్యలు లాగేటప్పుడు గట్టు మీద బండి పెట్టి హెడ్ లైట్లు వేస్తారు వెలుతురికి, అదే పరీక్ష అని నేనూ వెళ్ళాను. పావుగంట బాగుంది. రేడియేటర్ ఫ్యాను ఆన్ అయ్యేసరికి లైట్లు ఒక్కసారి మసకబారాయి, స్లో 650కి పడి బండంతా గజగజా. ఫ్యాను ఆగితే మళ్ళీ 850. అంటే ఇది గాలి రోగం కాదు, కరెంటు రోగం.

తొమ్మిదో రోజు మల్టీమీటరు. ఇంజను నడుస్తూ, లైట్లు, ఫ్యాను వేసి, ఒక ప్రోబు బ్యాటరీ నెగటివ్‌కి, రెండోది ఇంజను బ్లాకుకి పెడితే 0.6 వోల్టులు. 0.1, మహా అయితే 0.2 ఉండాలి. ఎర్త్ పట్టీ విప్పితే లగ్గు లోపల పచ్చగా పిండి. సముద్రం గాలి, చెరువుల ఉప్పు నీళ్ళు, మన వైపు బళ్ళకి ఎర్త్ పట్టీ ఎన్నాళ్ళుంటదో నాకు తెలుసు, ఇది మొదటి రోజే చూసి ఉండాల్సింది. కొత్త పట్టీ, బాడీకి ఇంకోటి, ఈసీయూ ఎర్త్ నేరుగా హెడ్డు మీదకి. అయినా సగమే తగ్గింది.

మిగతా సగం ఇంజెక్టర్లది. బూస్టు కోసం పెద్ద ఇంజెక్టర్లు వేశారు. ఇంజెక్టర్‌కి కరెంటు ఇచ్చిన వెంటనే తెరుచుకోదు, కాస్త టైము తింటది, దాన్నే డెడ్ టైము అంటారు, వోల్టేజీ తగ్గితే అది పెరుగుద్ది. ఈ బండికి స్లోలో ఇచ్చే పల్సు మొత్తం 2.1 మిల్లీసెకన్లు, దాంట్లో 1.0 డెడ్ టైమే, పెట్రోలు పడేది మిగతా 1.1లో. ఫ్యాను వేసినప్పుడు వోల్టేజీ పడి డెడ్ టైము 0.15 పెరిగిందనుకోండి, పడే పెట్రోలు 13 శాతం పైన తగ్గిపోద్ది. ఎగ్జాస్ట్‌లో మిక్చర్ కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్ చూస్తే లాంబ్డా (1 అంటే గాలీ పెట్రోలూ సరిగ్గా సరిపోయినట్టు, పైకి పోతే పెట్రోలు తక్కువ) 1.0 నించి 1.15కి పోయింది, అచ్చంగా అంతే. ఫుల్లు రేసులో పల్సు పెద్దది కాబట్టి ఇదే తేడా లెక్కలోకి రాదు. ఈసీయూలో వోల్టేజీ కరెక్షన్ కర్వు చూస్తే గీత గీసినట్టు చదునుగా ఉంది, ట్యూనర్ ముట్టుకోనే లేదు. ఫ్యాను, లైట్లు, హీటరు బ్లోయర్ ఒక్కోటి వేస్తూ, తీస్తూ, 14 వోల్టుల నించి 12 దాకా ప్రతి చోటా లాంబ్డా కదలకుండా ఉండేలా కర్వు సర్దాం. ఒక పూట పని, మనిషిని విసిగించే పని. అన్నట్టు లాంబ్డాలోనే చూడండి, పాత అలవాటు కొద్దీ ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ళ గాలి అన్న లెక్క పట్టుకోవద్దు, ఇప్పుడు పంపుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలుకి అసలు లెక్క పదమూడున్నర దగ్గర ఉంటది.

ఇక మిగిలింది రేసు వదిలినప్పుడు 450కి జారి ఒక్కోసారి ఆగిపోవడం. ఇది రోగం కాదు, త్రాటిల్ బ్లోయర్‌కి ముందున్న ప్రతి బండికీ ఉండే గుణం. త్రాటిల్ మూసినా బ్లోయర్‌లో, ప్లేటులో, మేనిఫోల్డ్‌లో ఉన్న గాలి అయిపోవడానికి కాస్త టైము పడుద్ది, వాల్వు తెరిచినా ఆ గాలి సిలిండర్ దాకా రావడానికీ అంతే. ఈసీయూ వాల్వు తెరుస్తది, ఏం జరగలేదని ఇంకా తెరుస్తది, ఈలోపు మొదటి గాలి వచ్చేస్తది, అయ్యో ఎక్కువైందని మూసేస్తది. కాలవ లాకులు ఎత్తి చివరి చేలో నీళ్ళు రాలేదని ఇంకా ఎత్తించినట్టు. గాలితో స్లో పట్టుకోకూడదు ఇలాంటి బండిలో, టైమింగ్‌తో పట్టుకోవాలి, స్పార్కు మార్పు ఆ తర్వాత పేలే సిలిండర్‌లోనే తెలుస్తది. 850 మీద 12 డిగ్రీలు, 700కి పడితే 18, 1000కి లేస్తే 6. ఐడిల్ వాల్వు గెయిన్లు (స్లో తేడాకి వాల్వు ఎంత గట్టిగా కదలాలన్న సెట్టింగు) మూడో వంతుకి తగ్గించేశాం, రేసు వదిలినప్పుడు మాత్రం వాల్వు ముందే ఎనిమిది శాతం ఎక్కువ తెరుచుకుని మూడు సెకన్లలో మెల్లగా దిగేలా పెట్టాం. పదో రోజు, పదకొండో రోజు దీనికే పోయాయి, కుర్రోడు గ్రాఫులు చూసి చూసి కళ్ళు ఎర్రబడ్డాయి.

పోయిన వారం ఇంకో చెరువు పట్టుబడి. బండి గట్టు మీద నలభై నిమిషాలు లైట్లు వేసి స్లో మీదే ఉందంట, ఫ్యాను ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు, సూది 850 దగ్గర వెంట్రుకంత వణుకుడు తప్ప కదల్లేదని అబ్బాయి ఫోను చేశాడు. వెనకాల ఇంజను చప్పుడు నాకు వినపడుతూనే ఉంది, దాంతో పాటే కీచుమని బెల్టు కూత కూడా వినపడింది, తెల్లారుజామున మంచుకి. మళ్ళీ బిగించేటప్పుడు బెల్టు టెన్షన్ తగ్గించాం, ఆ పుల్లీ మీద బెల్టు పట్టుకునే చుట్టు సరిపోట్లేదు, బెల్టుని పుల్లీ చుట్టూ ఒత్తి పట్టే ఐడ్లర్ చక్రం ఇంకోటి వెయ్యాలి. "దాన్ని టైటు చేసేమంటావా బాబాయ్" అన్నాడు. స్పానర్ ముట్టుకున్నావంటే చెయ్యి విరుగుద్ది, ఆదివారం తీసుకురా అన్నాను.